కొట్లో కంప్యూటర్ ఎవరి కోసం పనిచేస్తోంది?

మా విజయవాడ వన్‌టౌన్‌లో కంప్యూటర్ లేని హోల్‌సేల్ కొట్టు ఇప్పుడు వెతికినా దొరకదు. శివాలయం వీధిలో గాని, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో గాని ఏ కొట్టుకు వెళ్ళినా ఒకటే అమరిక. గల్లాపెట్టె ముందు యజమాని, ఆయన చేతిలో ఫోను. వెనక మూల అట్టపెట్టెల మధ్య ఒక టేబులు, దాని మీద మానిటరు, కింద యూపీఎస్, పక్కన కిర్రుకిర్రుమంటూ బిల్లులు కొట్టే ప్రింటరు. ఆ టేబులు ముందు బీకాం చదివిన ఒక అమ్మాయి. "బాబాయ్‌గారూ, మూడు నెలలు దాటిన బాకీలు బయట ఎంతున్నాయి?" అని యజమానిని అడిగి చూడండి. ఆయన ఫ్యాను వైపు చూసి ఓ అంకె చెబుతాడు. అసలు అంకె పది అడుగుల దూరంలో కంప్యూటర్లో ఉంది. అక్కడ అడగాలని మాత్రం ఆయనకు తోచదు.

సమాచార సాంకేతికత వ్యాపారాన్ని మార్చేసిందని సభల్లో చెబుతుంటారు. మార్చింది, కాదనను. ఎవరికి పనికొచ్చేలా మార్చిందన్నదే నా గొడవ. మన చిన్న, మధ్యస్థాయి వర్తకుల కొట్లలో కంప్యూటర్ పన్నుల శాఖకు పనిచేస్తోంది, బ్యాంకుకు పనిచేస్తోంది, సరుకు పంపే కంపెనీకి పనిచేస్తోంది. డబ్బు పెట్టి దాన్ని కొన్నవాడికి మాత్రం పనిచేయడం లేదు. ఇందులో సగం తప్పు ప్రభుత్వానిదీ కంపెనీలదీ అయితే, మిగతా సగం గల్లా ముందు కూర్చున్నవాళ్ళది.

నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ మూల టేబులు ముందు నుంచే. తొంభైల్లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో ఆపరేటర్‌గా చేరాను. అప్పుడు లెక్కల సాఫ్ట్‌వేర్ అంటే ట్యాలీ 4.5, డాస్ మీద నడిచేది, మౌసుతో పనిలేదు. ఇప్పుడు సొంతంగా చిన్న ఆఫీసుంది. ఎలక్ట్రికల్ సామాను, ప్లైవుడ్, మందులు, సబ్బులు, రంగులు అమ్మేవాళ్ళ లెక్కలు చూస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. సీఏ చదవకపోయినా అందరూ ఆడిటర్ మేడమ్ అంటారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకున్నాను. నెలలో రిటర్నుల గడువులైన 11, 20 తేదీలు దగ్గరపడితే నా ఫోను ఇక ఆగదు. అందరూ అడిగేది ఒకటే మాట: "మేడమ్, ఈ నెల ఎంత కట్టాలి?" ఈ నెల ఎంత మిగిలిందని అడిగేవాళ్ళు అరుదు.

దీనికి కారణం లేకపోలేదు. మన కొట్లలోకి కంప్యూటర్ వచ్చింది వ్యాపారం గుమ్మం లోంచి కాదు, పన్ను గుమ్మం లోంచి. 2005 ఏప్రిల్లో వ్యాట్ వచ్చినప్పుడు సగం మంది కొన్నారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక మిగతా సగానికి తప్పలేదు. 2018 ఏప్రిల్ నుంచి 50 వేలు దాటిన సరుకు రోడ్డెక్కాలంటే ఈ-వే బిల్లు కావాలన్నారు. ఆ తర్వాత ఈ-ఇన్వాయిస్. మొదట 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన పెద్దవాళ్ళకే అన్నారు. మెట్టు మెట్టుగా దిగి 2023 ఆగస్టు నాటికి 5 కోట్ల దగ్గరకు వచ్చింది. ఇవాళ ఆ మెట్టు దాటిన ఒక ప్లైవుడ్ హోల్‌సేలర్ బిల్లు కొడితే అది ముందు ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్ళి, 64 అక్షరాల నంబరు, ఒక క్యూఆర్ కోడు తెచ్చుకుని, అప్పుడు బిల్లవుతుంది. సాంకేతికంగా ఇది చాలా గొప్ప ఏర్పాటే. నాకు దాని మీద గౌరవం కూడా ఉంది. కానీ ఇన్నేళ్ళలో కంప్యూటర్ అంటే పన్ను సామాను అన్న భావన వర్తకుడి మనసులో గడ్డకట్టుకుపోయింది.

విచిత్రమేమంటే, వీళ్ళంతా వాడే ట్యాలీ పుట్టింది పన్ను కోసం కాదు. బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా అనే వ్యాపారి మిల్లులకు ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకు భరత్ గోయెంకా చేత రాయించుకున్నారు. 1986 నాటి మాట అది. ఒక వర్తకుడు తన బాకీలు, తన సరుకు తను చూసుకోవడానికి చేయించుకున్న పనిముట్టు. దాన్ని తెచ్చుకుని మనవాళ్ళు రిటర్నులు వేసుకుంటున్నారు, అంతే.

పాత రోజుల్లో చిట్టా, ఆవర్జా ఉండేవి. ఎర్ర గుడ్డ అట్టలు, పొడుగు పుస్తకాలు. ఆ కాలమే బాగుందని నేను అనను. కూడికల్లో తప్పు దొర్లితే రాత్రి పదింటిదాకా వెతికిన గుమాస్తాలను చూశాను. అయితే ఆవర్జాలో ఒక గుణముంది. ఇవాళ్టి అమ్మకం రాయాలంటే ఆ పార్టీ పేజీ తీయాలి, తీస్తే పాత బాకీ కళ్ళబడుతుంది. "వీడు సంక్రాంతి సరుకుకే ఇంకా ఇవ్వలేదు, మళ్ళీ పంపుతున్నామా?" అని పెద్దాయన అక్కడికక్కడే అడిగేవాడు. చదవకుండా రాసే వీలే లేదు.

ట్యాలీలోనూ ఆ ఏర్పాటుంది. బిల్లులో పార్టీ పేరు కొట్టగానే దాని కిందే కరెంట్ బ్యాలెన్స్ చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. కనిపించేది బిల్లు కొట్టే అమ్మాయికి. ఆమెకు ఆ అంకెతో నిమిత్తం లేదు, సరుకు ఆపమనే అధికారమూ లేదు. ఆ అంకె చూడాల్సిన మనిషి తెరకు వీపు పెట్టి గల్లా దగ్గరుంటాడు. పార్టీకి అప్పు పరిమితి పెట్టుకునే సదుపాయం కూడా అందులో ఉంది. నేను లెక్కలు చూసే కొట్లలో నేను వెంటపడకుండా దాన్ని వాడుకున్నవాళ్ళు నాకు తగల్లేదు.

ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ కొట్టు సంగతి చెబుతాను. ఎన్నాళ్ళో పోరాక ఒక సాయంత్రం బాకీల రిపోర్టు ప్రింటు తీసి యజమాని ముందు పెట్టాను. నెల లోపు ఒక గడి, రెండు నెలల లోపు ఒక గడి, మూడు నెలల లోపు ఒకటి, ఆపైన దాటినవి ఆఖరి గడి. ఆయన పై నుంచి చూసుకుంటూ వచ్చి ఒక పేరు మీద వేలు పెట్టాడు. నూజివీడు వైపు ఒక షాపు.

"ఇతను మన నంబర్ వన్ పార్టీ అమ్మా. నెల వచ్చేసరికి నాలుగైదు లక్షల సరుకు లాగుతాడు."

"ఆఖరి గడి చూడండి బాబాయ్‌గారూ."

చూశాడు. డబ్బు వస్తోంది, కానీ నాలుగు నెలలకు గాని రావడం లేదు. వైరు మీద ఆయనకు మిగిలేది నూటికి నాలుగు రూపాయలు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు (ఓడీ) వడ్డీ ఏడాదికి నూటికి పన్నెండు, అంటే నెలకు రూపాయి. లక్ష రూపాయల సరుకు పంపితే లాభం నాలుగు వేలు. ఆ లక్ష నాలుగు నెలలు బయటుంటే వడ్డీ కూడా నాలుగు వేలే. ఇక కొట్టు అద్దె, హమాలీ, ఆటో కిరాయి, నా ఫీజు అన్నీ ఆయన చేతి డబ్బే. ఇది చాలదన్నట్టు, వారం లోపల డబ్బు కడితే కంపెనీ ఇచ్చే క్యాష్ డిస్కౌంటు కూడా పోతోంది. డబ్బంతా నూజివీడులో ఉంటే వారం లోపల ఎక్కణ్ణుంచి కడతాడు?

"మరి టర్నోవరు రావొద్దా?" అన్నాడు. కాసేపటికి ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆ పార్టీకి నెల గడువు పెట్టాడు. వాళ్ళకు కోపమొచ్చింది, కొన్నాళ్ళు రాలేదు, ఆ తర్వాత వచ్చి మునుపటిలో సగం సరుకు తీసుకుంటున్నారు, నెలకే డబ్బిస్తున్నారు. కొట్టు టర్నోవరు తగ్గింది, ఓడీ వాడకమూ తగ్గింది. బ్యాంకు మేనేజరు ఫోను చేసి లిమిటు పూర్తిగా వాడుకోవడం లేదేమని అడిగాడట. ఇంతకీ ఆ రిపోర్టు ఆ కంప్యూటర్లో ఏళ్ళ తరబడి ఉన్నదే. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ కొనలేదు.

అయితే ఆ రిపోర్టు సరిగ్గా రావడానికి ముందు మేము చాకిరీ చేయాల్సి వచ్చింది. వచ్చిన డబ్బును ఏ బిల్లుకు జమ చేయాలని ట్యాలీ అడుగుతుంది. ఆ బిల్లు నంబరు వెతికి పెట్టడం బద్ధకమనిపించి చాలామంది 'ఆన్ అకౌంట్' అని కొట్టేసి ముందుకు పోతారు. మొత్తం బాకీ సరిపోతుంది. కానీ ఏ బిల్లు తీరింది, ఏది తీరలేదు అన్నది గల్లంతు. అప్పుడు రిపోర్టు తీస్తే మూడేళ్ళ నాటి బిల్లులు కూడా బాకీ ఉన్నట్టు చూపిస్తుంది. యజమాని అది చూసి "ఈ కంప్యూటర్ చెప్పేదంతా తప్పుల తడక" అని పక్కన పడేస్తాడు.

సరుకు లెక్కదీ అదే కథ. ఏ కొట్లోనైనా స్టాక్ రిపోర్టు తీయించండి, సగం ఐటమ్‌లు మైనస్‌లో ఉంటాయి. వైరు ఉన్నది మైనస్ నలభై కాయిల్స్! లేని సరుకు అమ్మారని కాదు. అమ్మకం బిల్లులు ఏ రోజువి ఆ రోజే కంప్యూటర్లోకి ఎక్కుతాయి, ఎందుకంటే బిల్లు లేకుండా సరుకు కదలదు. కొనుగోలు బిల్లులు మాత్రం క్లిప్పు పెట్టి డ్రాయరులో ఉంటాయి, రిటర్ను గడువు ముందు ఒక్కసారిగా ఎక్కుతాయి. పైగా ఒకే వైరును ఒక అమ్మాయి ఒక పేరుతో, ఆమె మానేశాక వచ్చిన అమ్మాయి ఇంకో పేరుతో కొడుతుంది. నెలలో మూడు వారాలు తప్పుడు అంకె చూపించే తెరను ఎవరు నమ్ముతారు? కొనుగోలు బిల్లు లారీ దిగిన రోజే ఎక్కించండి అని ఒక్క మాట నేను చెప్పినన్నిసార్లు ఇంకేదీ చెప్పి ఉండను.

ఇప్పుడు బయటికి అనకూడని మాట ఒకటి అనాలి. వర్తకుడు తెరను నమ్మకపోవడానికి అసలు కారణం చాలాచోట్ల వేరే. తెర మీద ఉన్నది మొత్తం వ్యాపారం కాదు. బిల్లు లేకుండా వచ్చిన సరుకు, బిల్లు లేకుండా పోయిన సరుకు, ఇంకో చిన్న పుస్తకంలో పెన్సిల్ అంకెలు. నంబర్ టూ అంటారు మా వీధిలో. అందులో ఎంత పన్ను మిగిలిందో ఆయన చెప్పగలడు. అందువల్ల ఎంత పోయిందో చెప్పలేడు, ఎందుకంటే రెండు చోట్ల సగం సగం ఉన్న లెక్కలోంచి ఏ ఐటమ్ మీద ఎంత మిగిలిందో బ్రహ్మదేవుడు కూడా తీయలేడు. గుమాస్తా ఏమైనా సర్దుకుంటే పట్టుకునే దారీ ఉండదు, ఫిర్యాదు చేసే మొహమూ ఉండదు. నీతి సంగతి పక్కన పెట్టి వ్యాపారం సంగతే మాట్లాడుతున్నాను. ప్రభుత్వం కళ్ళకు కట్టాలనుకున్న గంతలు ముందు ఈయన కళ్ళకే పడుతున్నాయి.

కంప్యూటర్లో ఎక్కితే చాలు, లెక్క నిక్కమైపోతుందని నమ్మేవాళ్ళు ఇంకో రకం. వాళ్ళకు సత్యం కంప్యూటర్స్‌ను గుర్తు చేస్తాను. ఐటీలో ప్రపంచానికే పనులు చేసిపెట్టిన హైదరాబాద్ కంపెనీ. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాజీనామా లేఖ బయటికొచ్చాక తెలిసింది, పుస్తకాల్లో చూపిన నగదులో 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని. సీబీఐ దర్యాప్తులో ఏడు వేలకు పైగా దొంగ ఇన్వాయిస్‌లు తేలాయి. అవి కంపెనీ సొంత బిల్లింగ్ వ్యవస్థలోనే ఎక్కి ఉన్నాయి, మామూలు సిబ్బందికి కనబడకుండా దాచి ఉన్నాయి. అంత పెద్దచోట జరిగినది మా వీధిలో జరగదా? కంప్యూటర్ అబద్ధాన్ని కూడా నిజంలాగే శ్రద్ధగా దాచిపెడుతుంది. ఎప్పుడో ఒకసారి మనిషి గోడౌన్లోకి వెళ్ళి పెట్టెలు లెక్కపెట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని టిక్కులు పెట్టాలి.

పెద్ద కంపెనీల డిస్ట్రిబ్యూటర్లది ఇంకో బాధ. సబ్బులు, బిస్కట్లు, మందుల కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌నే డిస్ట్రిబ్యూటర్ కొట్లో పెట్టిస్తాయి. ఏ వీధిలో ఏ కిరాణా కొట్టు ఎన్ని సబ్బులు కొన్నదీ రాత్రికి రాత్రి కంపెనీకి తెలుస్తుంది. నెలాఖరుకు ఏ సరుకు తోయాలో వాళ్ళు అక్కడి నుంచే లెక్కేస్తారు. ఇటు డిస్ట్రిబ్యూటర్ స్కీముల కింద ముందు తన జేబులోంచి ఇచ్చిన తగ్గింపు కంపెనీ నుంచి ఎప్పుడొస్తుంది? గడువు తీరిన మందులు వెనక్కి పంపితే క్రెడిట్ నోటు ఎప్పుడొస్తుంది? ఆ సంగతి చూపించే తెర మాత్రం ఆ సాఫ్ట్‌వేర్లో సరిగ్గా ఉండదు. నా దగ్గరికొచ్చే ఒక డిస్ట్రిబ్యూటర్ తన క్లెయిములను ఇప్పటికీ స్కూలు నోటుబుక్కులో రాసుకుంటాడు. ఇరవై నాలుగ్గంటలూ కంపెనీకి అద్దం పట్టే కంప్యూటర్ ఎదురుగా పెట్టుకుని, తన బాకీలు చేత్తో రాసుకోవాల్సిన ఖర్మేమిటి?

ప్రభుత్వం దగ్గరకొద్దాం. కొన్న సరుకు మీద కట్టిన పన్ను మనకు జమ కావాలంటే, అమ్మినవాడు తన రిటర్నులో మన బిల్లు చూపించి తీరాలి. 2022 జనవరి నుంచి చట్టం అలా బిగిసింది. ప్రతి నెలా 14న 2బీ అనే పట్టీ పోర్టల్లో వస్తుంది. అందులో ఉన్న బిల్లుకే జమ. అమ్మినవాడు మన దగ్గర పన్ను వసూలు చేసుకుని రిటర్ను వేయకపోతే నష్టం మనది. వాణ్ణి పట్టుకునే యంత్రాంగం, అధికారం ప్రభుత్వానికి ఉంది, వాడి వెంట తిరిగే పని మాత్రం కొన్న చిన్న వర్తకుడిది. ఇది సాంకేతికత లోపం కాదు, దాన్ని ఎవరి వైపు తిప్పి పెట్టామన్నదే ఇక్కడ ప్రశ్న. అదే పోర్టల్లో లాగిన్ కూడా లేకుండా ఏ జీఎస్టీ నంబరైనా కొట్టి, ఆ వ్యాపారి రిటర్నులు వేళకు వేస్తున్నాడో లేదో చూడొచ్చు. కొత్త పార్టీ దగ్గర సరుకు కొనేముందు అది చూసుకోమని నేను అందరికీ చెబుతాను. ఈ సదుపాయం ఉందని ప్రభుత్వం తెలుగులో ఎన్నడైనా గట్టిగా చెప్పిందా? నేనైతే వినలేదు.

నోటీసులూ అంతే. పోర్టల్లో పెడితే ఇచ్చినట్టే లెక్క. పోస్టులో రాదు. కొన్నేళ్ళ పాటు ఆ నోటీసులు 'అడిషనల్ నోటీసెస్' అనే వేరే గడిలో పడుతుండేవి. అక్కడ వెతకాలని తెలియక, జవాబివ్వక, ఏకపక్షంగా ఆర్డరు పడ్డాక బ్యాంకు ఖాతా స్తంభిస్తే గాని తెలియనివాళ్ళున్నారు. మద్రాసు హైకోర్టుకు ఇలాంటి కేసులు కుప్పలుగా వెళ్ళాయి. ఒక పన్ను కార్యాలయంలో నన్ను వాళ్ళ పోర్టల్లోనే ఉన్న రిటర్నులు ప్రింటు తీసి, ప్రతి పేజీ మీద వర్తకుడి సంతకం పెట్టించి తెమ్మన్నారు. తేడా పట్టేటప్పుడు యంత్రం, తేడా లేదని నిరూపించాల్సి వచ్చినప్పుడు కాగితం!

2025 జులైలో కర్ణాటకలో ఏం జరిగిందో చూశాం. యూపీఐలో వచ్చిన మొత్తాలు చూసి చిన్న చిన్న బేకరీలకు, కూరగాయల కొట్లకు లక్షల్లో పన్ను నోటీసులు వెళ్ళాయి. బెంగళూరులో కొట్ల ముందు క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి, క్యాష్ మాత్రమే అని రాసిపెట్టారు. కూరగాయలకు జీఎస్టీయే లేదు. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకమూ కాదు, అందులో బావమరిది పంపిన చేబదులూ ఉంటుంది. నోటీసు వెళ్ళేముందు ఒక మనిషి చదివుంటే ఈ రెండు ముక్కలూ తట్టేవి. ఆ సంగతి పేపర్లో చదివిన మర్నాడు మా వీధిలో టీ కొట్టాయన నన్నాపి "మన స్కానరు కూడా తీసేయమంటారా మేడమ్?" అని అడిగాడు. వద్దన్నాను, కానీ అతని భయాన్ని కాదనలేకపోయాను.

మళ్ళీ వర్తకుల దగ్గరికి. చాలామంది జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోను నంబరు, ఈమెయిలు వాళ్ళవి కావు, రిజిస్ట్రేషన్ చేసిపెట్టిన కన్సల్టెంటువి. ఓటీపీ అతనికి వెళుతుంది, నోటీసు వచ్చిందన్న మెసేజీ కూడా అతనికే. కన్సల్టెంటుతో మాట పట్టింపు వచ్చినా, అతను పోయినా, సొంత వ్యాపారం తలుపు తాళం చెవి ఎవరి జేబులోనో ఉంటుంది. నేను నా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు ఆ నంబరు మార్పిస్తాను. "అస్తమానూ ఓటీపీ చెప్పమని నన్నెందుకు చంపుతారు మేడమ్, మీ నంబరే ఉంచుకోండి" అని బతిమాలిన పెద్దమనుషులున్నారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఊళ్ళో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచినప్పుడు ఈ నిర్లక్ష్యం ఖరీదు కొందరికి తెలిసింది. కంప్యూటర్లు నేల మీదే ఉండేవి, మునిగాయి. బ్యాకప్ ఉందా అంటే ఉంది, అదే కంప్యూటర్ డి-డ్రైవ్‌లో. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, ఎంత సరుకు పోయిందో చూపించమన్నాడు. ఒక కొట్టు యజమాని బ్యాంకుకు నెలనెలా ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంటు చూపించాడు. ఆ స్టేట్‌మెంటు సంగతి తెలియనిదెవరికి? ఓడీ లిమిటు నిలబడడానికి ఎంత కావాలో అంత రాసి ఇచ్చేది. అంతకు ముందు రిటర్నుల్లో చూపిన కొనుగోళ్ళు, అమ్మకాలు కూడి తీస్తే అంత సరుకు కొట్లో ఉండే అవకాశమే లేదని సర్వేయరు పది నిమిషాల్లో తేల్చాడు. నిజంగా పోయిన సరుకుకు కూడా క్లెయిము చిక్కుల్లో పడింది. పైపెచ్చు, పాడైపోయిన సరుకు మీద అంతకు ముందు తీసుకున్న జీఎస్టీ జమను వెనక్కి కట్టాలని చట్టం. ఎంత కట్టాలో లెక్కేయాలన్నా సరుకు లెక్క కావాలి కదా!

అదే ఏడాది జులైలో పెద్దవాళ్ళకూ దెబ్బ తగిలింది లెండి. 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి వికటించి శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 31న సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడితో దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిపోయాయి. చేతి బిల్లు పుస్తకం ఒకటి డ్రాయరులో ఉంచమని, బ్యాకప్ రోజూ బయటికి, వీలైతే క్లౌడ్‌లోకి పంపమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చివరిగా ఆ మూల టేబులు ముందు కూర్చున్న అమ్మాయి గురించి. కొట్లో ఏ సరుకు ఏడాదిగా కదల్లేదో, ఏ పార్టీ చెక్కు రెండుసార్లు వెనక్కి వచ్చిందో, ఏ సేల్స్‌మన్ రాసే తగ్గింపులు అనుమానంగా ఉన్నాయో ఆమెకు తెలుసు. ఆమెను ఎవరూ అడగరు. అడక్కుండా చెబితే "నీకెందుకమ్మా" అంటారని ఆమె చెప్పదు. ఒక రంగుల కొట్లో అలాంటి అమ్మాయే నాకు పక్కకు పిలిచి చూపించింది. గోడౌన్ వెనక వరసలో గడువు దాటడానికి దగ్గరపడిన పుట్టీ బస్తాలున్నాయి, యజమాని అదే పుట్టీకి స్కీము ఉందని మళ్ళీ ఆర్డరు పెడుతున్నాడు. ఆయనతో నేను చెబితే విన్నాడు. ఆమె చెబితే వినేవాడా? ఆమె జీతం ఆ కొట్లో లారీ సరుకు దించే హమాలీ సంపాదన కంటే తక్కువ. పదో ఇరవయ్యో ఎక్కువిచ్చే కొట్టు దొరగ్గానే మానేస్తుంది. ఆమెతోపాటే ఆ కొట్టు జ్ఞాపకం కూడా వెళ్ళిపోతుంది. కొత్త అమ్మాయి వచ్చి వైరుకు మూడో పేరు పెడుతుంది. కృత్రిమ మేధ వచ్చి ఈ కొట్లను బాగుచేస్తుందని ఇప్పుడు అమ్మకానికి వస్తున్నవాళ్ళను నేను అడిగేది ఒకటే: ఆ అమ్మాయికి చెప్పుకునే వీలు ఇవ్వకుండా, జీతం పెంచకుండా, మైనస్ నలభై కాయిల్స్ ఉన్న లెక్క మీద మీ మేధ ఏం చేస్తుంది?

నావరకు నేనొక షరతు పెట్టాను. నెలకోసారి, రిటర్ను వేసేముందు, యజమాని వచ్చి పావుగంట నా ఎదురుగా కూర్చోవాలి. పక్కన ఆ కొట్లో బిల్లులు కొట్టే అమ్మాయీ ఉండాలి. మూడు కాగితాలు చూస్తాం: మూడు నెలలు దాటిన బాకీలు, ఆరు నెలలుగా కదలని సరుకు, పోయిన నెల 2బీలో రాని బిల్లులు. పన్ను ఎంత కట్టాలో ఆ తర్వాతే చెబుతాను. ఇదెక్కడి పేచీ అని ఒకరిద్దరు వేరే ఆడిటర్ దగ్గరికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు గొణుక్కుంటూ వస్తున్నారు. ఎలక్ట్రికల్ బాబాయ్‌గారు మాత్రం ఈమధ్య నేను పిలవకముందే వస్తున్నారు, బాకీల కాగితం మీద ఎర్ర పెన్నుతో ముందే గీతలు గీసుకుని.